రైతు చేయి దాటిన తర్వాత

కల్తీ నిరోధక చట్టాలు రాకముందు కొనేవాడికి ఉన్న పూచీ అమ్మేవాడి మొహమే. సంతలో వారం వారం అదే చెట్టుకింద గంప దించేవాడు, రోజూ అదే గడపలో పాలు పోసేవాడు మోసం చేస్తే వాడుక పోతుంది. కొసరు వేయడం కూడా ఆ వాడుకను నిలుపుకోవడానికే. పాలలో నీళ్లు మాత్రం ఈ కట్టుబాటుకు లొంగలేదు. పట్టణాల్లో పశువును వాకిటికి తోలుకొచ్చి ఎదుటే పితికే అలవాటుకు ఆ అనుమానమే కారణం.

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండగా 1918లో అక్కడ కల్తీ నిరోధక చట్టం వచ్చింది. కేంద్ర చట్టం 1954లో చేశారు. అది 1955 జూన్ 1న అమలయింది. ఫుడ్ ఇన్‌స్పెక్టరు సరుకుకు ధర చెల్లించి నమూనా తీసుకోవాలి, మూడు భాగాలు చేసి సీలు వేయాలి, ఒకటి పబ్లిక్ అనలిస్టుకు పంపాలి అని ఆ చట్టం చెప్పేది. కావిడి పాలవాడైనా నూనెమిల్లు యజమాని అయినా కొలబద్ద ఒకటిగానే ఉండేది. ఈ కాఠిన్యాన్ని 1976 సవరణ కాస్త సడలించింది: మనిషి చేతిలో లేని సహజ కారణాల వల్ల పంట, పాల వంటి ప్రాథమిక ఆహారం నాణ్యత తగ్గితే అది కల్తీ కాదంది. మేత చాలక పాలు పలచనైన గేదె సంగతి చట్టానికి అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

1999 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్ల ఉద్దేశం వేరు. దళారీని తప్పించడమే వాటి పని. పంజాబులో 1987 నాటి ‘అప్నీ మండీ’ ఇలాంటిదే. రైతు బజారులో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు గల రైతే అమ్మాలి. టోకు, చిల్లర ధరల నడుమ రేటు కట్టి బోర్డు మీద రాస్తారు. పాత సంతలో మొహం చేసిన పనినే ఇక్కడ కార్డు చేసింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ‘ఉళవర్ సందై’ తెరిచింది.

నేరుగా, విడిగా అమ్ముకునే వెసులుబాటు గానుగ నూనెకు దక్కలేదు. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని అరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే వంటనూనెల ప్యాకింగును తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. గిన్నె పట్టుకెళ్లి నూనె పోయించుకోవడం నియమోల్లంఘన అయింది.

1954 చట్టం స్థానంలో 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5న పూర్తిగా అమలులోకి వచ్చింది. 18వ సెక్షను రైతునూ, మత్స్యకారుణ్నీ, పొలం దగ్గరున్న పంటనూ దాని పరిధి నుంచి తప్పించింది. ఆ రైతే మామిడికాయలను ఆవకాయ పెట్టి అమ్మితే ఆహార వ్యాపారి అవుతాడు. 2011 నిబంధనలు ఏటా 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారికి లైసెన్సు అక్కర్లేదన్నాయి. వంద రూపాయల రుసుముతో నమోదు చాలన్నాయి. పొలంలో వంకాయ మీద కొట్టే మందు వాడకం 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. ఆ వంకాయలో ఎంత మందు మిగలవచ్చో చెప్పేది మాత్రం ఆహార చట్టమే.