కాలుష్య వర్గీకరణ – చట్టం: పటాన్‌చెరు చారిత్రక అనుభవం

ప్రవేశిక

పర్యావరణ కాలుష్యాన్ని జలకాలుష్యం, వాయుకాలుష్యం, భూకాలుష్యం, శబ్దకాలుష్యం అని విభజించి, ఒక్కొక్కదానికి కారణాలు విడివిడిగా చెప్పడం పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిన పద్ధతి. బోధనకు ఈ విభజన ఉపకరిస్తుంది. అయితే మన దేశంలో ఇది చట్టాలకూ, పాలనకూ కూడా ప్రాతిపదిక అయింది. దాని ఫలితం ఎలా ఉందో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చట్టాల క్రమం

జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1974లో వచ్చింది. 1972 నాటి స్టాక్‌హోమ్ సదస్సు నిర్ణయాల నేపథ్యంలో 1981లో వాయుకాలుష్య చట్టం రూపొందింది. నేలకు అటువంటి ప్రత్యేక చట్టం ఏర్పడలేదు. 1984 డిసెంబరులో జరిగిన భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. నీరు, గాలి, నేలలతోపాటు వాటికి పరస్పరం, మానవులతో, ఇతర జీవులతో ఉన్న సంబంధాన్ని కూడా ఇది పర్యావరణంగా నిర్వచించింది. నిర్వచనం ఇలా విస్తరించినా, ఆచరణలో ప్రమాణాలు విడివిడిగానే కొనసాగాయి.

పటాన్‌చెరు: కాలుష్య గమనం

1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. ప్రభుత్వ సంస్థ హైదరాబాదులో ఔషధ తయారీకి పునాది వేసింది. 1970వ దశకం నుండి వెనుకబడిన ప్రాంతాలకు ఇచ్చే రాయితీలతో నాటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో ఔషధ, రసాయన పరిశ్రమలు విస్తరించాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులో చేరాయి. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. వాగు నీటితో సాగైన పొలాలూ, వాగు పరిసరాల్లోని బావులూ కలుషితమయ్యాయి. పంటలు, పశువులు, తాగునీరు కోల్పోయిన గ్రామాల సమస్య 1990లో ప్రజాప్రయోజన వ్యాజ్యంగా సుప్రీంకోర్టుకు చేరింది. ఒకే వ్యర్థజలం వాగులో జలకాలుష్యంగా, పొలంలో భూకాలుష్యంగా, బావిలో భూగర్భజల కాలుష్యంగా పరిణమించిందన్నమాట.

శుద్ధి – స్థానమార్పు

1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రం ప్రారంభమైంది. శుద్ధి ప్రక్రియలో ఆవిరయ్యే ద్రావకాలు గాలిలో కలుస్తాయి; మిగిలిన బురదను నేలపైనే ఎక్కడో ఒకచోట నిల్వచేయాలి. అనంతరకాలంలో శుద్ధిచేసిన జలాలను సుమారు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గం ద్వారా మళ్ళించి, నగర మురుగునీటితోపాటు అంబర్‌పేట కేంద్రానికి చేర్చారు. అక్కడి నీరు మూసీ ద్వారా కృష్ణలో కలుస్తుంది. గోదావరి పరీవాహక ప్రాంతపు భారం ఈ విధంగా కృష్ణా పరీవాహక ప్రాంతానికి మారింది.

2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం మరో కోణాన్ని వెల్లడించింది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు చేరే ఆ కేంద్రం నుండి వెలువడిన శుద్ధజలంలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు అందులో తేలింది. ఇటువంటి అవశేషాలు మందులకు లొంగని సూక్ష్మజీవుల వృద్ధికి దోహదపడతాయి. జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం వంటి సాధారణ ప్రమాణాలు ఈ అవశేషాలను కొలవవు. ప్రమాణాల పట్టికలో లేని పదార్థం, ఎంత ప్రమాదకరమైనదైనా, పాలనాదృష్టికి కాలుష్యంగా కనిపించదు.

ముగింపు

పటాన్‌చెరు అనుభవాన్ని బట్టి రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, కాలుష్య రకాలుగా మనం పేర్కొనేవి చాలా సందర్భాలలో ఒకే పదార్థం వెళ్ళే మార్గంలోని మజిలీలు. రెండవది, ఒక మజిలీలో నియంత్రణ విధించి తక్కిన వాటిని విస్మరిస్తే కాలుష్యం తగ్గదు. అది చేరే చోటు, దాన్ని భరించే ప్రజలు మాత్రమే మారతారు. కనుక పర్యావరణ చరిత్ర పరిశోధకులు కాలుష్య రకంతో ఆగక, పదార్థం పుట్టినచోటి నుండి చివరకు చేరినచోటి వరకు దాని గమనాన్ని అనుసరించాలి. ఆ మార్గంలో ఎవరు లాభపడ్డారో, ఎవరు నష్టపోయారో నిర్ధారించినప్పుడే కాలుష్య కారణాల చర్చ సమగ్రమవుతుంది.