స్ఫటికాల వ్యాపారం: నైతిక సేకరణ

వైద్యగుణాలు ఉన్నాయని నమ్మి కొనే స్ఫటికాలను, రంగురాళ్లను ఎక్కడ, ఎవరి చేత, ఏ పద్ధతిలో తవ్వించారన్నది నైతిక సేకరణలోని ప్రశ్న. ఆ గుణాలకు శాస్త్రీయ ఆధారం లేదు. లాలాగూడలోనో మరో పేటలోనో స్ఫటికమాల కొనే మనిషికి దాని గని పేరు తెలిపే కాగితం సాధారణంగా దొరకదు. ముడి వజ్రాలకు 2003 నుంచి కింబర్లీ ధ్రువీకరణ ఉంది. అదీ తిరుగుబాటు దళాలకు డబ్బు చేరకుండా చూడటానికే. స్ఫటికాలకు ఆపాటి కట్టడి కూడా లేదు.

నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం ప్రాంతం అభ్రకానికీ తెల్ల పలుగురాయికీ పేరుపడింది. పలుగురాయి, స్ఫటికం ఒకే ఖనిజం, సిలికా. దాన్ని పగలగొట్టినా సానబట్టినా లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఈ జబ్బు నయం కాదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్లకు సానపట్టేవారిలో ఇది విస్తారంగా కనిపించింది. ఆరోగ్యం పేరిట అమ్ముడయ్యే సరుకు వెనుక ఇలాంటి జబ్బు ఉండటం విడ్డూరమే. నీళ్లతో తడుపుతూ కోస్తే, ధూళిని లాగే యంత్రం పెడితే ముప్పు బాగా తగ్గుతుంది. ఇళ్లలో సాగే సానపనికి ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్నదే చిక్కు.

తవ్వకం చట్టబద్ధమేనా అన్నది మరో ప్రశ్న. అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోని కరక కొండల్లో రంగురాళ్ల కోసం అడవిలో దొంగతవ్వకాలు సాగాయి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై ‘సమత’ సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో తీర్పునిచ్చింది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీళ్లు, బడులు, ఆసుపత్రుల వంటి అవసరాలకు కేటాయించాలనీ అందులో పేర్కొంది.