స్వలింగ వివాహంపై అమెరికా రాష్ట్రాల ప్రజా ఓటు

ఒకే లింగానికి చెందిన ఇద్దరు పెళ్లి చేసుకోవచ్చా, పెళ్లి కాకపోయినా జీవిత భాగస్వాములుగా వారికి చట్టపరమైన గుర్తింపు ఉండాలా అన్న ప్రశ్నలను అమెరికాలోని రాష్ట్రాలు నేరుగా ఓటర్ల ముందు పెట్టాయి. రాష్ట్రవ్యాప్తంగా ఈ ఓటింగు 1998లో హవాయి, అలాస్కాలతో మొదలైంది. 2012 మే నాటికి 30 రాష్ట్రాల ఓటర్లు స్వలింగ వివాహ నిషేధాన్ని తమ రాజ్యాంగాల్లోకి ఎక్కించారు. అదే ఏడాది నవంబరులో గాలి మళ్లింది. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు ఒబెర్గెఫెల్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ నిషేధాలన్నీ చెల్లకుండా పోయాయి. అయినా చాలా రాష్ట్రాల రాజ్యాంగాల్లో ఆ వాక్యాలు నేటికీ అచ్చులో ఉన్నాయి. వాటిని తీసేయాలన్నా మళ్లీ ఓటే కావాలి.

ఓటింగు విధానం

మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌కు గానీ తెలంగాణకు గానీ సొంత రాజ్యాంగం లేదు. దేశ రాజ్యాంగాన్ని 368వ అధికరణం కింద పార్లమెంటు సవరిస్తుంది. కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం అవసరం. ఏ దశలోనూ ఓటరు ముందుకు ఆ ప్రశ్న రాదు. అమెరికాలో 50 రాష్ట్రాలకు 50 రాజ్యాంగాలు. డెలావేర్ తప్ప మిగతా అన్ని రాష్ట్రాల్లోనూ రాజ్యాంగ సవరణకు ప్రజల ఆమోదం తప్పనిసరి. గవర్నర్‌ను, సెనేటర్‌ను ఎన్నుకునే బ్యాలెట్ మీదే ఈ ప్రశ్నలు కూడా అచ్చవుతాయి. వాటికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు: కాలిఫోర్నియాలో ప్రొపొజిషన్, మెయిన్‌లో క్వశ్చన్, ఒరెగాన్‌లో మెజర్, మిగతా చోట్ల అమెండ్‌మెంట్, ఇనిషియేటివ్, రెఫరెండం.

ప్రశ్న బ్యాలెట్ మీదికి చేరడానికి దారులు మూడు. శాసనసభే సవరణను ఆమోదించి ప్రజలకు పంపవచ్చు. సుమారు సగం రాష్ట్రాల్లో పౌరులు సంతకాలు సేకరించి సొంతంగా ప్రతిపాదన తేవచ్చు. కాలిఫోర్నియాలో రాజ్యాంగ సవరణకైతే గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 8 శాతానికి సమానమైన సంతకాలు కావాలి, మామూలు చట్టానికి 5 శాతం చాలు. ఇక శాసనసభ అప్పటికే చేసిన చట్టాన్ని ఆపి ప్రజాతీర్పు కోరడం మూడో దారి. మెయిన్‌లో దీన్ని ‘ప్రజల వీటో’ అంటారు.

గెలుపు గీత కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఫ్లోరిడాలో 60 శాతం రావాలి. నెవాడాలో పౌరులు తెచ్చే సవరణ వరుసగా రెండు సార్వత్రిక ఎన్నికల్లో నెగ్గాలి. మిన్నెసోటాలో ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేసిన ఓటరు వ్యతిరేకంగా వేసినట్టే లెక్క. ఈ వివరాలు పొడిగా అనిపిస్తాయి గానీ, ఎవరి పెళ్లి చెల్లుతుందో ఎవరిది చెల్లదో చాలాసార్లు తేల్చినవి ఇవే.

మొదలైన తీరు

1993లో హవాయి సుప్రీంకోర్టు, స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సు నిరాకరించడానికి రాష్ట్రం బలమైన కారణం చూపాల్సి ఉంటుందని తేల్చింది. అప్పటికి ఒక్క జంటకూ పెళ్లి కాలేదు. అయినా దేశమంతా కదలిక వచ్చింది. 1996 సెప్టెంబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో, వివాహమంటే స్త్రీ పురుషుల మధ్య జరిగేదేనని చెప్పే ఫెడరల్ చట్టం వచ్చింది. 1998 నవంబరులో హవాయి ఓటర్లు 69 శాతంతో ఒక సవరణను ఆమోదించారు. అది నేరుగా నిషేధం కాదు. వివాహాన్ని స్త్రీ పురుష జంటలకే పరిమితం చేసే అధికారాన్ని శాసనసభకు అప్పగించింది. ఈ చిన్న తేడా తర్వాత ఎంతో అక్కరకొచ్చింది. 2013లో ప్రత్యేక సమావేశంలో శాసనసభ స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసినప్పుడు మళ్లీ ప్రజల దగ్గరికి వెళ్లాల్సిన పని లేకపోయింది. అలాస్కా మాత్రం అదే 1998లో నేరుగా నిషేధమే రాసుకుంది.

2000 మార్చిలో కాలిఫోర్నియా ప్రొపొజిషన్ 22ను 61 శాతంతో ఆమోదించింది. అది మామూలు చట్టం, రాజ్యాంగ సవరణ కాదు. అదే ఏడాది నెబ్రాస్కా ఇంకా ముందుకు పోయింది. అక్కడి ఇనిషియేటివ్ 416 పెళ్లితో పాటు, పెళ్లి కాకుండా జంటలకు చట్టపరమైన గుర్తింపు ఇచ్చే సివిల్ యూనియన్‌ను, డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్‌ను కూడా కొట్టేసింది.

2004, దాని తర్వాత

2003 నవంబరులో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం గుడ్‌రిడ్జ్ కేసులో స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. 2004 మే 17 నుంచి అక్కడ పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఆ ఏడాదే 13 రాష్ట్రాల్లో నిషేధాలపై ఓటింగు జరిగింది: ఆగస్టులో మిస్సోరి, సెప్టెంబరులో లూసియానా, నవంబరు 2న ఒకేరోజు 11 రాష్ట్రాలు. పదమూడింటిలోనూ నిషేధమే నెగ్గింది. మిసిసిపీలో 86 శాతం, ఒరెగాన్‌లో 57 శాతం. 2005లో కాన్సస్, టెక్సస్, 2006లో మరో ఎనిమిది రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఈ ప్రశ్నలే 2004లో అధ్యక్షుడు బుష్ గెలుపుకు తోడ్పడ్డాయన్న వాదన పత్రికల్లో బాగా నడిచింది. దాని మీద రాజనీతి పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు.

మసాచుసెట్స్‌లో మాత్రం ఆ ప్రశ్న ఓటర్ల దాకా రానేలేదు. పౌరులు సంతకాలతో తెచ్చిన సవరణ బ్యాలెట్ ఎక్కాలంటే ఉభయ సభల ఉమ్మడి సమావేశంలో నాలుగోవంతు మంది, అంటే 50 మంది మద్దతు చాలు. 2007 జూన్ 14న 45 మందే మద్దతిచ్చారు. ఆ ఐదు ఓట్ల లోటుతో అక్కడ పెళ్లి చేసుకున్న జంటల భవిష్యత్తు ఎన్నికల ప్రచారం పాలు కాకుండా మిగిలింది.

పెళ్లి పేరుతో పోయిన హక్కులు

ఈ చరిత్రను చాలామంది పెళ్లి చుట్టూనే చెబుతారు. దాని పక్కనే కొట్టుకుపోయిన భాగస్వామ్య హక్కులకు రావలసినంత చోటు దక్కలేదు. సవరణల్లో ఎక్కువ భాగం పెళ్లితో ఆగలేదు, ‘పెళ్లిని పోలిన’ ఏ బంధానికీ గుర్తింపు ఉండదన్న రెండో వాక్యాన్నీ చేర్చాయి. ఓటరు దృష్టి మొదటి వాక్యం మీద, కోర్టుల పని రెండో వాక్యం మీద.

మిషిగన్ 2004లో 59 శాతంతో ఆమోదించిన ప్రొపోజల్ 2 దీనికి స్పష్టమైన ఉదాహరణ. ఉద్యోగుల బీమా జోలికి ఈ సవరణ పోదని ప్రచారంలో సమర్థకులు చెప్పారు. 2008లో మిషిగన్ సుప్రీంకోర్టు అందుకు విరుద్ధంగా తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, నగర పాలక సంస్థలు తమ ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకు భాగస్వామి హోదాలో ఆరోగ్య బీమా ఇవ్వడం సవరణకు విరుద్ధమంది. వైద్యం ఖర్చు ఇల్లు గుల్ల చేసే దేశంలో భాగస్వామికి బీమా కార్డు పోవడం చిన్న సంగతి కాదు.

ఒహాయోలో పెళ్లి కాని స్త్రీ పురుష జంటలకు కూడా ఇది తగిలింది. కలిసి ఉంటున్న భాగస్వామిని కొట్టిన నిందితులు, పెళ్లి కాని బంధానికి గృహహింస చట్టం వర్తింపజేయడమంటే దానికి పెళ్లి హోదా ఇచ్చినట్టేనని, కొత్త సవరణ దాన్ని ఒప్పుకోదని కోర్టుల్లో వాదించారు. కొన్ని కింది కోర్టులు ఆ వాదనను అంగీకరించాయి కూడా. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు కార్స్‌వెల్ కేసులో దాన్ని తోసిపుచ్చే వరకు ఆ రక్షణ ఉందో లేదో తెలియని స్థితి నడిచింది.

అరిజోనా ఓటర్లు 2006లో ప్రొపొజిషన్ 107ను తిరస్కరించడానికి కారణం ఇదే రెండో వాక్యం. పింఛను, బీమా లెక్కల వల్ల పెళ్లి చేసుకోకుండా కలిసి బతుకుతున్న వృద్ధ స్త్రీ పురుష జంటలను ముందుపెట్టి వ్యతిరేకులు ప్రచారం చేశారు. సుమారు 52 శాతం కాదన్నారు. ఇలాంటి నిషేధం ప్రజల ఓటులో ఓడిపోవడం దేశంలో అదే మొదటిసారి. రెండేళ్ల తర్వాత రెండో వాక్యం తీసేసి, పెళ్లిని మాత్రమే ప్రస్తావిస్తూ ప్రొపొజిషన్ 102 తెచ్చారు. 56 శాతంతో నెగ్గింది. అదే రాష్ట్రం, దాదాపు అదే ఓటర్లు. ప్రజల మనసులో ఏముందో బ్యాలెట్ చూపిస్తుందనే మాటను అరిజోనా లెక్కల పక్కన పెట్టి చదవాలి.

కొలరాడోలో 2006 నవంబరులో రెండు ప్రశ్నలూ ఒకే బ్యాలెట్ మీద వచ్చాయి. పెళ్లిని నిషేధించే అమెండ్‌మెంట్ 43 సుమారు 55 శాతంతో గెలిచింది. డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ ఇచ్చే రెఫరెండం ఐ 47 శాతం దగ్గర ఆగిపోయింది. 2008లో ఆర్కన్సా ఓటర్లు పెళ్లి లేకుండా కలిసి ఉండేవారు పిల్లలను దత్తత తీసుకోకూడదన్న చట్టాన్ని 57 శాతంతో ఆమోదించారు. దాన్ని 2011లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది.

ప్రొపొజిషన్ 8

2008 మే 15న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ప్రొపొజిషన్ 22 చెల్లదని తేల్చింది. జూన్ మధ్య నుంచి నవంబరు ఎన్నిక దాకా సుమారు 18,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి. ఈలోగా ప్రొపొజిషన్ 22లోని 14 ఆంగ్ల పదాల వాక్యాన్నే ఈసారి రాజ్యాంగ సవరణగా మార్చి బ్యాలెట్ మీదికి తెచ్చారు. పోటీ మొత్తం మీద రెండు పక్షాలూ కలిపి 8 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. మోర్మన్ చర్చి నాయకత్వం జూన్‌లోనే తన సభ్యులకు సమర్థించమని లేఖ పంపింది. బడిలో రాకుమారుడు రాకుమారుణ్ణి పెళ్లాడిన కథ చెప్పారని ఒక పాప ఇంటికొచ్చి తల్లికి చెప్పే టీవీ ప్రకటన పిల్లల గురించిన భయాన్ని ఇంటింటికీ చేర్చింది.

అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్ బ్యాలెట్ శీర్షికను, స్వలింగ జంటల పెళ్లి హక్కును తొలగిస్తుంది అని స్పష్టంగా ఉండేలా మార్చారు. అయినా పెళ్లి హక్కు కావాలనుకునేవారు ‘నో’ అని, వద్దనుకునేవారు ‘యస్’ అని వేయాల్సిన తిరకాసు మిగిలే ఉంది. అధ్యక్ష ఎన్నికలో బరాక్ ఒబామా ఆ రాష్ట్రంలో భారీ మెజారిటీతో గెలిచిన రోజే ప్రొపొజిషన్ 8 కూడా 52 శాతంతో నెగ్గింది.

2009 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని, అప్పటికే జరిగిన 18,000 పెళ్లిళ్లూ చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. దాంతో ఒకే వీధిలో కొందరు స్వలింగ దంపతులకు పెళ్లి ఉండి, పక్కింటివారికి ఆ అవకాశమే లేని పరిస్థితి ఏర్పడింది. 2010 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి వాన్ వాకర్ సాక్షులను విచారించి, సవరణ అమెరికా రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. రాష్ట్ర అధికారులు ఆ సవరణను కోర్టులో సమర్థించడానికి నిరాకరించారు. ప్రతిపాదకులకు అప్పీలు చేసే అర్హత లేదని 2013 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. రెండు రోజులకే పెళ్లిళ్లు తిరిగి మొదలయ్యాయి.

గాలి మళ్లిన ఏడాది

2009లో మెయిన్ శాసనసభ స్వలింగ వివాహాన్ని చట్టం చేసింది, ఓటర్లు నవంబరులో 53 శాతంతో ఆ చట్టాన్ని వీటో చేశారు. అదే రోజు వాషింగ్టన్ రాష్ట్రంలో రెఫరెండం 71 గెలిచింది. పెళ్లి పేరు ఒక్కటి తప్ప దాని హక్కులన్నీ ఇచ్చే భాగస్వామ్య చట్టాన్ని రాష్ట్రవ్యాప్త ఓటు సమర్థించడం అది తొలిసారి. అయోవాలో 2010లో ఓటర్లు, పెళ్లి హక్కుకు అనుకూలంగా తీర్పు ఇచ్చిన ముగ్గురు న్యాయమూర్తులను పదవి నుంచి దించేశారు. వివాహం బ్యాలెట్ మీద లేకపోయినా ఓటు దాని మీదే పడింది.

మెయిన్ కార్యకర్తలు ఓడాక ప్రకటనల మీద ఆశ పెట్టుకోలేదు. ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరితో నిదానంగా మాట్లాడారు, తమ కుటుంబాల గురించి చెప్పారు, ఎదుటివారి పెళ్లి గురించి అడిగారు. తామే సంతకాలు సేకరించి 2012 నవంబరు 6న ప్రశ్నను మళ్లీ తెచ్చారు, సుమారు 53 శాతంతో గెలిచారు. ఆ రోజే మేరీలాండ్ క్వశ్చన్ 6ను 52 శాతంతో, వాషింగ్టన్ రెఫరెండం 74ను 54 శాతంతో ఆమోదించాయి. మిన్నెసోటాలో నిషేధ సవరణ ఓడింది. ఆరు నెలల కిందటే నార్త్ కరోలినా 61 శాతంతో నిషేధం పెట్టుకుంది.

మేరీలాండ్ ఓటు, ఒహాయో ఓటు నేరుగా ఢీకొన్న సందర్భమే చివరికి దేశం మొత్తానికి తీర్పు తెచ్చింది. ఒహాయోలోని సిన్సినాటికి చెందిన జిమ్ ఒబెర్గెఫెల్, జాన్ ఆర్థర్ ఇరవై ఏళ్లుగా కలిసి ఉన్నారు. ఆర్థర్ నరాల వ్యాధితో మంచాన పడ్డారు. 2004లో ఓటర్లు పెట్టిన నిషేధం వల్ల సొంత రాష్ట్రంలో పెళ్లికి వీల్లేదు. 2012లో ఓటర్లు తలుపు తెరిచిన మేరీలాండ్‌కు 2013 జులై 11న వైద్య విమానంలో వెళ్లి, బాల్టిమోర్ విమానాశ్రయంలో నిలిపిన ఆ విమానంలోనే పెళ్లి చేసుకుని వెనక్కి వచ్చారు. ఆర్థర్ మరణ ధ్రువపత్రంలో భర్తగా తన పేరు ఉండాలని ఒబెర్గెఫెల్ కోర్టుకెక్కారు. మిషిగన్, కెంటకీ, టెనెసీ కేసులను దానితో కలిపి సుప్రీంకోర్టు విచారించింది. నాలుగు రాష్ట్రాల్లోనూ నిషేధం ప్రజల ఓటుతో వచ్చినదే. ప్రాథమిక హక్కును ఎన్నిక ఫలితానికి వదిలేయలేమని అయిదుగురు న్యాయమూర్తులు అన్నారు, నలుగురు విభేదించారు.

ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టుకూ వచ్చింది. 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాదులో నివసించే జంట. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్లి హక్కును గుర్తించలేదు, చట్టం చేయాల్సింది పార్లమెంటు అంది.

నిషేధాల తొలగింపు

2020లో నెవాడా ఓటర్లు 62 శాతంతో తమ నిషేధాన్ని తొలగించి, లింగంతో సంబంధం లేకుండా పెళ్లిళ్లను గుర్తించాలని రాజ్యాంగంలో రాసుకున్నారు. అలా చేసిన తొలి రాష్ట్రం అదే. 2022 జూన్‌లో గర్భస్రావ హక్కును రద్దు చేసిన తీర్పులో జస్టిస్ క్లారెన్స్ థామస్ ఒబెర్గెఫెల్ తీర్పును కూడా పునఃపరిశీలించాలని విడిగా రాశారు. దాంతో అచ్చులో నిద్రపోతున్న వాక్యాలు ఒక్కసారిగా ప్రమాదంగా కనిపించాయి. ఆ డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ వివాహ గౌరవ చట్టం చేసింది. ఒక రాష్ట్రంలో చట్టబద్ధంగా జరిగిన పెళ్లిని మిగతా రాష్ట్రాలు గుర్తించాలని అది చెబుతుంది, ప్రతి రాష్ట్రమూ పెళ్లి లైసెన్సు ఇచ్చి తీరాలని మాత్రం చెప్పదు.

2024 నవంబరులో కాలిఫోర్నియా ప్రొపొజిషన్ 3తో సుమారు 63 శాతం, కొలరాడో అమెండ్‌మెంట్ జెతో 64 శాతం ఓటర్లు పాత నిషేధాలను తుడిచేశారు. హవాయి ప్రజలు 1998లో శాసనసభకు ఇచ్చిన అధికారాన్ని అదే రోజు వెనక్కి తీసుకున్నారు. వర్జీనియాలో తొలగింపు ప్రతిపాదనకు 2025లో శాసనసభ తొలి ఆమోదం తెలిపింది. అక్కడ నియమం ప్రకారం మధ్యలో ఒక ఎన్నిక జరిగాక కొత్త సభ మళ్లీ ఆమోదించాలి, ఆపైన ప్రజలు ఓటు వేయాలి. టెక్సస్, ఒహాయో, మిషిగన్, జార్జియా రాజ్యాంగాల్లో నిషేధ వాక్యాలు అలాగే ఉన్నాయి. ఒబెర్గెఫెల్ తీర్పు ఎప్పుడైనా పోతే, ఆ రాష్ట్రాల్లో కొత్తగా పెళ్లి లైసెన్సు కోరే జంటలకు అడ్డుపడేవి అవే.