ప్రత్తికాయలోని చరిత్రపాఠము

విద్య యనగా పుస్తకములలోని సంగతులను కంఠస్థము చేయుటయే యని మనలో పెక్కుర యభిప్రాయము. బాలుడు వంటయింటిలోనికి తొంగిచూచినను, వడ్రంగికడ నిలుచుండినను చదువు చెడుచున్నదని మందలింతుము. పని వేరు, చదువు వేరు అను నీ విభజనమును అంగీకరింపని యొక చిన్నపాఠశాల వృత్తాంతమును చదువరుల కెరిగింప దలచితిమి.

1894లో అమెరికాయందలి చికాగో విశ్వవిద్యాలయమునకు తత్త్వశాస్త్రాచార్యుడుగా వచ్చిన జాన్ డ్యూయీ 1896 జనవరిలో 16 మంది పిల్లలతో నొక బడి తెరచెను. రసాయనశాస్త్రమునకు ప్రయోగశాల యెట్టిదో, విద్యాశాస్త్రమునకు బడి యట్టిదని యాతని తలంపు. పిల్లలకు తగిన బల్లలకై యాతడు నగరములోని యంగళ్లు తిరుగుచుండగా, ఒక వర్తకుడు, తమరు కోరునవి పనిచేయుటకు తగిన బల్లలు, మాయొద్ద నున్నవన్నియు వినుటకు తగినవి యని చెప్పెనట. నాటి విద్యావిధానమునకు ఇంతకన్న సూటియైన విమర్శనము లేదు.

ఆ బడిలో వంట, కుట్టు, నేత, వడ్రంగము ముఖ్యములు. ఇవి బాలికలకు, అవి బాలురకు అను భేదము లేదు. పది పండ్రెండేండ్ల మగపిల్లలు సూదిపట్టి కుట్టుచుండుట గాంచి, చూడవచ్చినవారు విస్తుపోవుచుండిరి. వీరిని దర్జీలనుగా జేయుట యుపాధ్యాయుల యుద్దేశము గాదు. చేతిపనినుండి ప్రశ్న పుట్టవలెను, ప్రశ్ననుండి శాస్త్రము పుట్టవలెను.

ఒకప్పుడు పిల్లలకు ఉన్నియు, ప్రత్తికాయలును ఇచ్చిరి. 30 నిమిషములు పాటుపడి గింజలను వేరుచేయగా వారికి దక్కిన దూది యొక ఔన్సైనను లేదు. తమ పూర్వులు నూలుబట్టలకు మారుగా ఉన్నిబట్టలనే యేల యెక్కువగా ధరించిరో వారికి అప్పుడు బోధపడెను. ప్రత్తిపోగు పొట్టిది, నునుపైనది. ఉన్నిపోగు గరుకుగా నుండి యొకదానినొకటి పట్టుకొనును గావున వడకుట సులభమని వ్రేళ్లతోనే గ్రహించిరి. 1793లో విట్నీ నిర్మించిన గింజలుదీయు యంత్రము మహత్త్వమేమో అట్టి పిల్లలకు వేరుగా చెప్పవలసిన పనిలేదు.

గింజలుదీసి, దూది యేకి, నూలు వడకిన మన అవ్వలకు ఈ శ్రమ క్రొత్తది గాదు. కాని వారి చేతిపనిలో చరిత్రయు శాస్త్రమును గలవని వారికి చెప్పినవారు లేరు. బడికిబోయిన వారి మనుమలకు చరిత్ర చెప్పినవారు ఆ పిల్లల చేతికి ప్రత్తికాయ నీయలేదు. ఈ రెండు నష్టములును మనవే.

1899 ఏప్రిలులో డ్యూయీ తలిదండ్రుల యెదుట చేసిన యుపన్యాసములు 'పాఠశాల - సంఘము' అను గ్రంథమై దేశదేశముల వ్యాపించెను. 1902 నాటికి పిల్లలు 140 మంది, ఉపాధ్యాయులు 23 మంది, సహాయకులు పదిమంది యైరి. కాని 1903లో విశ్వవిద్యాలయమువారు ఈ బడిని మరియొక బడితో గలిపిరి. ప్రధానోపాధ్యాయినియైన ఆలిస్ డ్యూయీ పదవిని గూర్చి వివాదము పుట్టెను. 1904లో దంపతులిరువురును రాజీనామాలిచ్చి వెడలిపోయిరి. నేటికిని లాబొరేటరీ స్కూల్సను పేర నచట విద్యాలయము గలదు. తొలినాటి యా ప్రయోగము మాత్రము ఎనిమిదేండ్లతో ముగిసెను.

ఆరేడుగురు పిల్లల కొక యుపాధ్యాయు డుండగా జరిగినది ఒక్క పంతులే యున్న పల్లెబడిలో జరుగునా యని చదువరు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆ యేర్పాటులన్నియు మనకు సాధ్యములని మేము చెప్పజాలము. అయినను అందులో వెలలేని భాగమొకటి గలదు. వంట పాఠమున నొక బిడ్డ, పుస్తకములో వ్రాసినట్లు వండిన చాలదా యని విసుగుకొనగా, ఆ పద్ధతి మొదట నెట్లు పుట్టెనని యుపాధ్యాయిని యెదురు ప్రశ్న వేసెను. పిమ్మట పిల్లలు గ్రుడ్డులోని తెల్లసొనను వేర్వేరు వేడిగల నీళ్లలో నుంచి మార్పులను తామే కనుగొనిరి. ఈ పాఠమునకు పొయ్యి, గిన్నె, నీరు తప్ప మరేమి కావలెను?

మన యిండ్లలో పొయ్యి యున్నది. పప్పు ఉప్పునీట ఆలస్యముగా నుడుకునా యని యడుగు బిడ్డయు నున్నాడు. వానిని చదువుకొమ్మని తరిమివేయక, రెండు గిన్నెలిచ్చి పరీక్షించి చూడుమనుడు. ఆ పూట భోజనము కొంత యాలస్యమైనను కానిండు.