వెన్నుపాము దెబ్బకు స్టెరాయిడ్ ఇంజెక్షన్: ‘8 గంటల’ మాటలో నిజమెంత?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వెన్నుపాము దెబ్బలు ఎలా తగులుతాయో అందరికీ తెలిసిందే. తాటిచెట్టు మీద నుంచి జారిపడ్డ గీత కార్మికులు, విజయవాడ, బెంగళూరు హైవేల మీద బైకు, ఆటో, లారీ ప్రమాదాల్లో చిక్కినవాళ్లు, సెంట్రింగ్, పెయింటింగ్ పనుల్లో పై అంతస్తు నుంచి పడ్డవాళ్లు. డ్రైవర్లు, క్లీనర్లు, మేస్త్రీలు మన ఇళ్లలోనూ ఉన్నారు.

ఇలాంటి కేసు దవాఖానకు చేరగానే బంధువులు ముందుగా అడిగే మాట ఒకటి ఉంటుంది: “8 గంటల్లోపు స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే కాళ్లు వస్తాయట కదా?” కొందరు డాక్టర్లు ఇస్తారు, కొందరు వద్దంటారు. ఇవ్వకపోతే అన్యాయం చేశారని, ఆలస్యమైతే మావల్లే ఇలా అయిందని ఇంటివాళ్లు ఏళ్ల తరబడి బాధపడుతుంటారు. అందుకే ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ మందు ఏమిటి?

పేరు మిథైల్‌ప్రెడ్నిసొలోన్. వెన్నుపాముకు దెబ్బ రెండు విడతలుగా తగులుతుంది. పడ్డ క్షణంలో విరిగిన పూస నొక్కడం వల్ల జరిగే నష్టం మొదటిది. ఆ తర్వాత గంటలు, రోజుల పాటు వాపు వచ్చి, రక్తం అందక ఇంకొన్ని నరకణాలు చనిపోవడం రెండోది. మొదటి నష్టాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు. రెండోదాన్ని స్టెరాయిడ్ తగ్గిస్తుందన్నదే ఆశ.

8 గంటల లెక్క ఎక్కడిది?

అమెరికాలో మైకేల్ బ్రాకెన్ బృందం 1990లో 487 మంది మీద చేసిన పరిశోధనను ప్రచురించింది. మొదట కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు, ఆపైన 23 గంటల పాటు గంటకు కిలోకు 5.4 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించారు. 60 కిలోల మనిషికి ఇది మొత్తం 9 గ్రాములు దాటుతుంది. చాలా పెద్ద డోసు.

మొత్తం పేషెంట్లను కలిపి చూస్తే పెద్ద తేడా రాలేదు. 8 గంటల్లోపు మందు పడ్డవాళ్లను విడిగా లెక్కిస్తే, ఆరు నెలలకు కండరాల బలం సగటున 16 పాయింట్లు పెరిగింది. మందు లేని వాళ్లకు 11 పాయింట్లు పెరిగింది. ఈ కొంచెం తేడా మీదే ‘8 గంటల’ మాట ప్రపంచమంతా పాకింది.

అభ్యంతరం ఏమిటి?

మొదటిది, మొత్తం మీద లాభం కనిపించనప్పుడు ఒక భాగాన్ని విడదీసి చూపితే అది గట్టి రుజువు కాదని చాలామంది సర్జన్ల వాదన. రెండోది, పాయింట్లు పెరిగినంత మాత్రాన మనిషి లేచి నడుస్తాడని కాదు.

మూడోది నష్టం. 1997లో వచ్చిన తర్వాతి పరిశోధనలో 24 గంటల కన్నా 48 గంటలు మందు ఎక్కించిన వాళ్లకు తీవ్రమైన న్యుమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్ ఎక్కువగా వచ్చాయి. షుగర్ పెరగడం, కడుపులో రక్తస్రావం భయం కూడా ఉన్నాయి. ఇదే మందును తల దెబ్బలకు వాడి చూసిన ‘క్రాష్’ పరిశోధన 2004లో వచ్చింది. 10 వేల మందికి పైగా పాల్గొన్నారు. మందు పడ్డవాళ్లలో రెండు వారాల్లో నూటికి 21 మంది, పడని వాళ్లలో 18 మంది చనిపోయారు. రోడ్డు ప్రమాదంలో తలకూ వెన్నుకూ కలిపి దెబ్బ తగలడం మామూలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు డాక్టర్లు ఏమంటున్నారు?

ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు. అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు 2013లో ఈ మందు వాడవద్దన్నాయి. అంతర్జాతీయ వెన్నెముక సర్జన్ల సంస్థ ఏవో స్పైన్ 2017లో మధ్యే మార్గం చెప్పింది: 8 గంటల్లోపు వచ్చిన పెద్దవాళ్లకు 24 గంటల కోర్సు ఇవ్వవచ్చు, తప్పనిసరి కాదు, 8 గంటలు దాటితే వద్దు, 48 గంటల కోర్సు వద్దు. కాబట్టి ఇచ్చిన డాక్టర్‌దీ ఇవ్వని డాక్టర్‌దీ తప్పనలేం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేసే డెక్సా ఇంజెక్షన్ మాత్రం ఈ చికిత్స కాదు. దాని కోసం ఆగవద్దు.

మరి తొందర దేనికి?

తొందర ఆపరేషన్ చేయగల దవాఖానకు చేరడానికి. 2012లో వచ్చిన పరిశోధనలో, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న 313 మందిని చూశారు. 24 గంటల్లోపు ఆపరేషన్ చేసి ఒత్తిడి తీసేసిన వాళ్లలో బాగా కోలుకున్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. నిమ్స్ లాంటి చోటికి పంపాలా, దగ్గర్లోనే న్యూరోసర్జన్ ఉన్నారా అన్నది మొదటి గంటలోనే తేల్చుకోవాలి.

అంతకన్నా ముందు, పడ్డచోట చేసేదే ముఖ్యం:

• 108కి ఫోన్ చేయండి. మంట, వాహనాల ప్రమాదం లేకపోతే మనిషిని కదపవద్దు.
• లేపి కూర్చోబెట్టవద్దు, బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లవద్దు, ఆటోలో మడిచి పడుకోబెట్టవద్దు.
• తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకోండి.
• తప్పక కదపాల్సి వస్తే నలుగురైదుగురు కలిసి, ఒళ్లంతా దుంగలా ఒకేసారి తిప్పి గట్టి చెక్క మీదకు చేర్చండి. నులక మంచం కుంగుతుంది, పనికిరాదు.
• నీళ్లు తాగించవద్దు.

దవాఖానలో ఏం అడగాలి?

“స్టెరాయిడ్ ఇస్తారా?” అని మాత్రమే కాదు. దెబ్బ ఏ పూస దగ్గర? స్పర్శ ఏమైనా మిగిలిందా? ఎంఆర్‌ఐ ఎప్పుడు? ఆపరేషన్ ఇక్కడేనా? స్టెరాయిడ్ ఇస్తే షుగర్, ఇన్ఫెక్షన్ ఎలా చూస్తారు? పేషెంట్‌కు షుగర్ జబ్బు, అల్సర్ ఉంటే ముందే చెప్పండి. ఖర్చు గురించి ఆరోగ్యమిత్రను అడగండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో దీని పరిమితి రూ.10 లక్షలు.

ఇంటికి వచ్చాక

మంచాన పడ్డ మనిషి ప్రాణం తీసేవి చాలాసార్లు పుండ్లు, మూత్రం ఇన్ఫెక్షన్లే. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మూత్రం గొట్టం పెట్టే పద్ధతి డిశ్చార్జికి ముందే నర్సు దగ్గర నేర్చుకోవాలి. ఫిజియోథెరపీ ఆపకూడదు. వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవాలి.

ఇంజెక్షన్ పడలేదన్న బాధతో కుంగిపోతున్న కుటుంబం ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ మందు పడితే కాళ్లు వచ్చేవని ఏ పరిశోధనా తేల్చలేదు. రోజూ పక్కకు తిప్పే చేతులు, మానకుండా చేయించే ఫిజియోథెరపీ మాత్రం ఇప్పటికీ మీ చేతిలోనే ఉన్నాయి.