నడిగడ్డ రాయిని చదివినవాళ్లు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. దీని చరిత్ర రాసేవాళ్లు సంస్థానాధీశుల దగ్గర మొదలుపెడతారు; ఇంకాస్త వెనక్కి వెళ్తే అలంపురం గుళ్ల దాకా, బాదామి చాళుక్యుల దాకా పోయి ఆగుతారు. ఆ గుళ్ల కింది రాయికీ ఒక చరిత్ర ఉందనీ, దాన్ని చదివిన మనుషులకు మరో చరిత్ర ఉందనీ మన స్థానిక చరిత్రలు పట్టించుకోలేదు. నూట ముప్పై ఏళ్లకు పైగా ఈ రాళ్ల చుట్టూ తిరిగిన భూగర్భ శాస్త్రజ్ఞుల పనిని వరసగా పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఇక్కడ ఏం దొరుకుతుందని వెతికినవాళ్లు గద్వాలను దాటుకుని పోయారు. ఈ రాయి ఎలా పుట్టిందని అడిగినవాళ్లే గద్వాల పేరును ప్రపంచ శాస్త్ర పత్రికలకు ఎక్కించారు. ఆ రెండో ప్రశ్నను అడగడం, దానికి భౌతికశాస్త్ర పరికరాలతో జవాబు వెతకడం తెలుగునాట నేర్పిన తొలి ఆచార్యుల్లో ముఖ్యుడు సి. మహదేవన్. ఆయన బతుకును నడిగడ్డ రాయి పక్కన పెట్టి చూడటానికి కారణం అదే.

ముందు దొరికేవాటి సంగతి. 1880ల చివర రాబర్ట్ బ్రూస్ ఫుట్ దక్షిణ భారతంలో బంగారం ఇచ్చే రాళ్లన్నిటినీ ఒక వర్గంగా గుర్తించి ధార్వార్ శిలలని పేరు పెట్టారు. చుట్టూ గ్రానైటు, నైసు పరుచుకుని ఉంటే వాటి నడుమ నల్లగా, ఆకుపచ్చగా, సన్నని పట్టీల్లా సాగే పాత లావా రాళ్లవి. నడిగడ్డను కలుపుకుని పశ్చిమానికి సాగే రాయచూరు దోవాబులో అలాంటి పట్టీలు చాలా ఉన్నాయి. వాటిలో హట్టికి పేరొచ్చింది. రెండు వేల ఏళ్ల కిందటివిగా తేలిన పాత గనులు అక్కడ దాదాపు 195 మీటర్ల లోతు దాకా దిగాయి. ఆ కాలానికి అది ప్రపంచంలోనే అరుదైన లోతు. గద్వాల పట్టీ అదే కుటుంబానికి చెందింది. నారాయణపేట వైపు నుంచి గద్వాల మీదుగా, తుంగభద్ర దాటి కర్నూలు జిల్లా వెల్దుర్తి దిక్కుకు సాగుతుంది. కానీ దాని మీద హట్టి స్థాయి గని ఏదీ లేదు. నిజాం కాలంలో గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోవే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ రెండే విడివడి మహబూబ్‌నగర్‌కు వచ్చాయి. అంతకుముందు జిల్లా ఒకటే అయినా చూపు మాత్రం పశ్చిమాన హట్టి, మస్కిల మీదే నిలిచింది. నిజాం ప్రభుత్వంలో భూగర్భ సర్వేకు పెద్దగా ఉన్న కెప్టెన్ లియొనార్డ్ మన్ కూడా పాత గనుల మీద, వాటి పక్కనున్న రాకాసి గుళ్ల (ప్రాచీన పెద్దరాతి సమాధుల) మీద విలువైన వ్యాసాలు రాశారు. ఆయన చేతికింద ఉన్న మరో శాఖ బావులు తవ్వించేది. ఆ రోజుల్లో రాతిని పరీక్షించడమంటే నీళ్లో, బంగారమో వెతకడం. అందులో తప్పేమీ లేదు. కరవు నేలలో సర్కారు చేయవలసిన పనే అది.

మహదేవన్ వచ్చిన దారి వేరు. 1901 మే 6న పుట్టిన ఆయన కలకత్తాలో సి.వి. రామన్ ప్రయోగశాలలో పనిచేశారు. చదివింది భూగర్భ శాస్త్రం, చేరింది భౌతికశాస్త్రవేత్తల మధ్యలో. 1927లో ఆయన రాసిన వ్యాసం కార్డియరైట్ అనే ఖనిజంలో కనిపించే రంగు వలయాల గురించి. ఖనిజం లోపల ఇరుక్కున్న చిన్న రేడియోధార్మిక రేణువు కోట్ల ఏళ్లుగా కిరణాలు వెదజల్లి తన చుట్టూ ఏర్పరచిన మచ్చలవి. సూక్ష్మదర్శిని కింద చూస్తే కాలం తన గుర్తును రాయిలో అచ్చు వేసుకున్నట్టు ఉంటుంది. 1929లో ఎక్స్‌కిరణాలతో బొగ్గు నిర్మాణాన్ని పరిశీలించారు. నిగనిగలాడే బొగ్గు పొరల్లో పరమాణువుల అమరిక ఎలా ఉందన్నది అక్కడ ప్రశ్న. బొగ్గును తూకంతోనూ మంటతోనూ కొలవడానికే అలవాటుపడిన రోజుల్లో ఇది కొత్త చూపు. ఆ తరవాత ఆయన హైదరాబాద్ జియలాజికల్ సర్వేలో చేరారు. ప్రయోగశాల మనిషి బండలెక్కాడు. సురపురం తాలూకా దక్షిణ, నైరుతి భాగాల భూగర్భ స్వరూపం మీద ఆయన రాసిన నివేదిక 1941లో ఆ సర్వే పత్రికలో వచ్చింది. సురపురం కృష్ణకు అవతల ఉంది. దాని గ్రానైటూ, ధార్వార్ పట్టీలూ నడిగడ్డ రాళ్లకు దాయాదులే. ఈ హైదరాబాద్ ఏళ్లను ఆయన జీవితంలో విరామంగా చూడటం తప్పని నా అభిప్రాయం. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన పెంచిన శాఖను చూడండి. 1948లో శ్రీరామదాసుతో కలిసి విశాఖ తీరపు ఇసుకలో మోనజైట్ ఉనికిని ప్రకటించారు. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆ విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు ఆ శాఖ సముద్రం మీదికీ పోయింది. తూర్పు తీరపు సముద్రగర్భ అవక్షేపాల మీద మహదేవన్, పూర్ణచంద్రరావుల అధ్యయనం 1954లో అచ్చయింది. విశాఖ ఎదుట సముద్రం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆయన పేరే ఉంది. ఇసుక తిన్నె అయినా, సముద్రపు అడుగైనా, పద్ధతి ఒక్కటే: స్వయంగా వెళ్లి నమూనా తేవాలి, తెచ్చినదాన్ని కొలవాలి. మొదటిది బండల మీద తిరగకుండా పట్టుబడదు, రెండోది కలకత్తా నేర్పింది. 1962 ఏప్రిల్ 6న ఆయన కన్నుమూశారు.

ఆయన శిష్యుడు ఉప్పుగుండూరు అశ్వత్థనారాయణ ఆ రంగు వలయాల ప్రశ్నను నేరుగా ముందుకు తీసుకుపోయారు. రేడియోధార్మికత ఆధారంగా రాతి వయసు కట్టే పనిని ఎంచుకుని, భారతదేశపు అతి ప్రాచీన పర్వతాల పుట్టుక చక్రాల వయసులపై 1956లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్‌లో రాశారు. ఆ పైన టాంజానియా, మొజాంబిక్ విశ్వవిద్యాలయాలకు వెళ్లి పాఠాలు చెప్పారు. ఫుట్ కాలంలో ధార్వార్ శిలలు పాతవని మాత్రమే తెలుసు. ఎంత పాతవో చెప్పే దారి లేదు. ఇప్పుడు అంకెలు వచ్చాయి.

అంకెల తరవాత రసాయనం. 1961లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఎస్.ఎం. నఖ్వీ ధార్వార్ శిలల రసాయన స్వరూపం మీద దశాబ్దాలు పనిచేశారు. జాన్ రోజర్స్‌తో కలిసి 1987లో భారతదేశపు ప్రీకేంబ్రియన్ భూగర్భ శాస్త్రంపై పుస్తకం వెలువరించారు. అదే సంస్థకు చెందిన సి. మాణిక్యాంబ, నఖ్వీ, మరికొందరు కలిసి గద్వాల పట్టీలో బోనినైట్ అనే రాయిని గుర్తించినట్టు 2005లో ప్రకటించారు. జపాన్‌కు దక్షిణాన ఉన్న బోనిన్ దీవుల పేరు మీద వచ్చిన రాయి అది. మెగ్నీషియం, సిలికా రెండూ ఎక్కువ, టైటానియం బాగా తక్కువ. ఈనాటి భూమి మీద ఇది ఒక సముద్రపు పలక మరో పలక కిందికి జారేచోట, పైనున్న మాంటిల్ నీరు తగిలి కరిగినప్పుడు పుడుతుంది. అదే రాయి 250 కోట్ల ఏళ్లకు పైబడిన నడిగడ్డ లావాల్లో ఉందంటే అప్పటికే పలకలు కదులుతూ, ఒకదాని కిందికి ఒకటి జారుతూ ఉండాలి. భూమి ఎప్పుడు ఇప్పటిలా నడవడం మొదలుపెట్టిందన్నది ప్రపంచ భూగర్భ శాస్త్రంలో పెద్ద తగవు. ఆ తగవులో గద్వాల ఒక సాక్షి. హట్టికి దక్కిన బంగారం కన్నా ఇది తక్కువ సంపదేమీ కాదు.

ఈ వాదానికి అభ్యంతరాలున్నాయి. గద్వాల పట్టీ మహదేవన్ సొంత క్షేత్రం కాదు కదా, నఖ్వీ బృందం వాల్తేరు పరంపర కాదు కదా అని అడగవచ్చు. నిజమే. నేను గురుశిష్య వంశవృక్షం గీయడం లేదు. రాతిని భౌతిక, రసాయన కొలతలతో ప్రశ్నించే అలవాటు ఈ దేశంలో ఎలా నిలదొక్కుకుందో చెబుతున్నాను. అందులో మహదేవన్ తొలి వరసలో ఉన్నారు. శాస్త్రజ్ఞుల అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. అతి వేడి లావా పైకి వస్తూ పాత భూపటలాన్ని కరిగించి తనలో కలుపుకున్నా బోనినైట్‌ను పోలిన రసాయనం వస్తుందనీ, అప్పుడు పలకల జారుడు అవసరమే లేదనీ కొందరంటారు. ఒక్క రాయితో ఈ తగవు తీరదు. అయితే భూపటలం కలిస్తే దాని గుర్తులు సూక్ష్మ మూలకాల్లో పడతాయి. వాటి నిష్పత్తులు కొలిచి, పక్కనున్న ఇతర లావాలతో కలిపి చదివి వాదించడమే దీనికి మార్గం. ఆ వాదన గద్వాల రాళ్ల మీద జరుగుతూ ఉండటమే నా మాటకు బలం.

మరో అభ్యంతరం ఊళ్ల వైపు నుంచి వస్తుంది, దానికే నేను ఎక్కువ విలువిస్తాను. వలస బతుకుల పాలమూరుకు (మహబూబ్‌నగర్ సీమకు) 250 కోట్ల ఏళ్ల లెక్క ఎందుకు, నీళ్లు కావాలి గానీ? వనపర్తి వైపు చల్కా నేలల కింద ఉన్నది గ్రానైటు. అందులో నీరు నిలిచేది పైన చివికిన పొరలో, దాని కింద పగుళ్లలో. గ్రానైటును చీల్చుకుని గోడల్లా సాగే నల్లరాతి డైకులు చాలాచోట్ల ఆ నీటిని అడ్డగిస్తాయి. డైకుకు ఈ పక్క బోరులో నీళ్లు పడి ఆ పక్క పడకపోవడానికి తరచు అదే కారణం. డైకు ఎప్పుడు, ఎటు చీల్చుకుని పోయిందో చెప్పేది ఈ రాయి ఎలా పుట్టిందన్న ప్రశ్నే. నాగర్‌కర్నూల్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. అమ్రాబాద్ పీఠభూమి మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ పొరలు పాత గ్రానైటు మీద పరుచుకున్నాయి. ఆ రెంటి నడుమ హద్దు యురేనియం చేరడానికి అనువైన చోటని ఆ పుట్టుక చదివినవాళ్లే చెప్పారు. ఆ పీఠభూమి ఉన్న నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. శాస్త్రం తవ్వేవాళ్లకే ఉపయోగపడుతుందని ఇక్కడ కొందరు అనవచ్చు. హద్దు ఎక్కడుందో, దాని గుండా ఏ నీరు ఎటు పోతుందో తెలియని చెంచు పెంటలు, ఊళ్లు తమ మాటను ఏ ఆధారంతో నిలబెట్టుకుంటాయి? ఆ జ్ఞానం ఒక పక్షం చేతిలోనే ఉండటం వల్ల నష్టం ఎక్కువ.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలయ్యాయి. ఎర్రమట్టి దిబ్బలను, తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించిన దేశంలో గద్వాల లావాలకు ఆ గౌరవం దక్కలేదు. కంకర క్రషర్లు చేరకముందే బోనినైట్ బయటపడ్డ బండల్లో ఒక్కదాన్నైనా గుర్తించి, హద్దులు పాతి, పక్కన తెలుగులో ఒక ఫలకం పెట్టించాలని గద్వాల జిల్లా యంత్రాంగాన్ని, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాను కోరుతున్నాను.