జ్ఞాపకానికి ఖర్చు ఎవరిది?

అంబర్‌పేటలో మా ఇంట్లో రెండు పుస్తకాలు ఒకే అరలో ఉంటాయి. ఒకటి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడిన స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న కథలవి. రెండోది బెలారుస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియేవిచ్ 1985లో ప్రచురించిన, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ స్త్రీల మాటలు. పోరాటం ముగియగానే ఇంటికి పంపేసిన వాళ్ల దగ్గరకు వెళ్లి, చెప్పండమ్మా అని అడగడమే రెండింటి పని.

2015లో నోబెల్ అందుకున్న అలెక్సియేవిచ్ 2020లో జర్మనీ వెళ్లిపోవలసి వచ్చింది. ఆమె అధ్యక్షురాలిగా ఉన్న బెలారుస్ పెన్‌ను 2021 ఆగస్టు 9న అక్కడి సుప్రీంకోర్టు రద్దు చేసింది. సంస్థ ప్రవాసంలో బతుకుతోంది. పాఠకులు ఒక దేశంలో, రచయితలు మరో దేశంలో ఉంటే చందాలు ఏ మూలకు? గ్రాంట్లే దిక్కు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసినప్పుడు ప్రవాస బెలారుస్ పత్రికలు, సంస్థలు ఒక్కసారిగా ఇబ్బందిలో పడ్డాయి.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. మన విదేశీ విరాళాల చట్టం ఎమర్జెన్సీ కాలంలో, 1976లో వచ్చింది. 2020 సవరణ, అలా వచ్చిన నిధిని మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించింది. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. ఆఫీసు అద్దె, లెక్కలు రాసే మనిషి జీతం ఆ ఇరవైలోనే సర్దుకోవాలి.

డబ్బిచ్చినవాళ్లు మన ప్రశ్నల్ని మార్చేస్తారన్న అనుమానం నాకూ ఉంది. అది ఉండాలి కూడా. కానీ ఊరూరూ తిరగడం, టేపులు విని రాసుకోవడం ఉత్తినే జరగవు. నిధి లేనిచోట ఆ శ్రమను జీతం లేకుండా మోసేది ఎవరు? మళ్లీ స్త్రీలే కదా!